ఐరిష్ రాకపోతే ఐరిష్ వాళ్లు కాదా? డబ్లిన్‌లో ఉంటున్న ఒక తెలుగు తల్లి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: "హైదరాబాద్ నుంచి డబ్లిన్ వచ్చాం. పాప నాలుగో క్లాసు. స్కూల్లో రోజూ ఐరిష్ పాఠం ఉంటుంది, ఇంట్లో ఎవరికీ రాదు, హోంవర్క్ అంటేనే టెన్షన్. ఆఫీసులో ఒకాయన 'పద్నాలుగేళ్లు చదివాను, బాత్రూమ్‌కి వెళ్లొచ్చా అని అడగడం తప్ప ఒక్క ముక్క రాదు, దండగ' అంటాడు. ఇంకొకావిడ 'ఆ భాష కూడా పోతే మాకూ ఇంగ్లండ్ వాళ్లకూ తేడా ఏముంటుంది' అంటుంది. మాట్లాడేది మాత్రం ఆవిడా ఇంగ్లిషే. అసలు ఈ గొడవ ఏమిటి? పాపకు మినహాయింపు అడగొచ్చా?"

మినహాయింపు సంగతి చివర్లో చెప్తాను, దాని జవాబు చిన్నది. ముందు గొడవ సంగతి చూద్దాం. నేను గాల్వేలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. సాయంత్రం క్లాసులకు వెళ్లి ఐరిష్ నేర్చుకున్నాను, మా పిల్లల స్కూలు బోర్డులో తల్లిదండ్రుల తరఫున కూర్చున్నాను. రెండు వైపుల వాదనా చెవులు నిండేలా విన్నవాణ్ని కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

2022 జనాభా లెక్కల్లో "ఐరిష్ మాట్లాడగలరా" అని అడిగితే 18.7 లక్షల మంది అవునన్నారు. మూడేళ్లు, ఆపై వయసున్న జనాభాలో అది 40 శాతం. వినడానికి ఘనంగానే ఉంది. "బడి బయట రోజూ మాట్లాడతారా" అనేసరికి దాదాపు 72 వేల మందే మిగిలారు. ఇంకో ఐదున్నర లక్షల మంది రోజూ మాట్లాడేది బడిలో మాత్రమే, అంటే మీ పాప లాంటివాళ్లు. మాట్లాడగలం అన్నవాళ్లలో "చాలా బాగా వచ్చు" అని చెప్పింది పదిలో ఒకరు. మిగతావాళ్లు అబద్ధం చెప్పారని నేను అనుకోను. ఆ గడిలో టిక్ పెట్టడమంటే చాలామందికి "నేను ఈ దేశం మనిషిని" అని చెప్పుకోవడమే. మీ ఆఫీసులో ఆయన కూడా టిక్ పెట్టే ఉంటాడు.

భాష ఎలా పోయిందో తెలిస్తే ఇది సులువుగా అర్థమవుతుంది. ఇంగ్లిష్ వాళ్లు నిషేధించారు, కొట్టి మాన్పించారు అనే కథ మీరు వినే ఉంటారు. అందులో కొంత నిజముంది. 1831లో పెట్టిన నేషనల్ స్కూళ్లు ఇంగ్లిష్ మీడియం. పిల్లాడి మెడలో ఒక కర్ర వేలాడదీసి, ఐరిష్ మాట పలికినప్పుడల్లా దాని మీద ఒక గాటు పెట్టి, సాయంత్రం గాట్లు లెక్కపెట్టి కొట్టేవారు. (2009లో కడప జిల్లాలో ఒక స్కూలు, తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో "ఇక తెలుగు మాట్లాడను" అనే అర్థంతో పలకలు వేసిన వార్త గుర్తుందా? అదే పద్ధతి.) ఇక్కడివాళ్లు అంత తేలిగ్గా ఒప్పుకోని సంగతి ఇంకొకటుంది. ఆ గాట్లు పెట్టినవాళ్లలో కన్న తల్లిదండ్రులూ ఉన్నారు. 1845 నుంచి 1852 దాకా సాగిన బంగాళాదుంప కరవులో దాదాపు పది లక్షల మంది చచ్చిపోయారు, అంతకు తక్కువ కాకుండా ఓడలెక్కి వెళ్లిపోయారు. ఎక్కువ దెబ్బ తగిలింది ఐరిష్ మాట్లాడే పడమటి పేద పల్లెలకే. మిగిలినవాళ్లకు బతుకంటే బోస్టన్, న్యూయార్క్, లివర్‌పూల్. అక్కడ పనికొచ్చేది ఇంగ్లిష్. కాథలిక్కుల హక్కుల కోసం లక్షల మందిని కూడగట్టిన డేనియల్ ఓకానెల్ కెర్రీలో ఐరిష్ మాట్లాడుతూ పెరిగినవాడు. ఆ భాష మెల్లగా పోతున్నందుకు తనకేమీ బాధ లేదని, ఇంగ్లిష్ వల్ల లాభమే ఎక్కువని ఆయనే అన్నాడు. జాతీయ నాయకుడై ఉండి ఆ మాట అనడం అప్పట్లో ఎవరికీ వింతగా తోచలేదు. భాషా జాతీయతా ఒకటే అన్న ఆలోచనే అప్పటికింకా గట్టిపడలేదు.

దాన్ని గట్టిపరిచినవాళ్లు తర్వాత వచ్చారు. సొంత భాష లేని జనం సగం జాతి మాత్రమే అని 1843లో థామస్ డేవిస్ రాశాడు. రాసింది ఇంగ్లిష్‌లోనే. 1892లో డగ్లస్ హైడ్ అనే ప్రొటెస్టెంట్ పాస్టర్ గారి కొడుకు డబ్లిన్‌లో ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ఇంగ్లండ్‌ను తిడుతూనే దాన్ని అడుగడుగునా అనుకరిస్తున్నాం, ఇటు ఐరిష్ వాళ్లుగా ఉండటం లేదు, అటు ఇంగ్లిష్ వాళ్లమూ కావడం లేదు అన్నది ఆయన బాధ. మరుసటి ఏడాది గేలిక్ లీగ్ మొదలైంది, హైడ్ అధ్యక్షుడు. భాష అందరిదీ, రాజకీయాలకు దూరంగా ఉండాలి అని ఆయన పట్టు. మొదట్లో బ్రిటన్‌తో కలిసుండాలనుకునే ప్రొటెస్టెంట్లు కూడా ఆ క్లాసులకు వచ్చేవారు. 1915లో లీగ్ మహాసభ స్వతంత్ర ఐర్లండ్ తమ ధ్యేయాల్లో ఒకటని తీర్మానించేసరికి హైడ్ అధ్యక్ష పదవి వదిలేశాడు. ఆ తర్వాత నుంచి ఈ భాష ఒక పక్షానిదైపోయింది. ఇప్పటికీ బ్రిటన్ కిందే ఉన్న ఉత్తర ఐర్లండ్‌లో నేటికీ దాని ఫలితం అనుభవిస్తున్నారు.

మరుసటి ఏడాదే 1916 తిరుగుబాటు. ఏడుగురు సంతకాలు పెట్టిన స్వాతంత్ర్య ప్రకటనలో ఐరిష్‌లో ఉన్నది పైన శీర్షిక ఒక్కటే, కింద మొత్తం ఇంగ్లిష్. వాళ్లలో పాట్రిక్ పియర్స్ ఐరిష్, ఇంగ్లిష్ రెండు భాషల్లోనూ చదువు చెప్పే బడి నడిపిన మనిషి, థామస్ మెక్‌డొనా యూనివర్సిటీలో ఇంగ్లిష్ సాహిత్యం చెప్పే లెక్చరర్. మన వి.వి. గిరి గారు సరిగ్గా ఆ రోజుల్లోనే, 1913 నుంచి 1916 దాకా, డబ్లిన్‌లో లా చదువుతున్నారు. అక్కడి ఉద్యమకారులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో 1916లో ఆయన్ని దేశం విడిచి వెళ్లమన్నారు. బరంపురం నుంచి వచ్చిన తెలుగు కుర్రాడు ఐరిష్ జాతీయతను నేర్చుకున్నది ఇంగ్లిష్ మాటల్లోనే. ఇంకో దారిలో మదనపల్లెకు వచ్చిన జేమ్స్ కజిన్స్ కూడా అంతే. బెల్‌ఫాస్ట్ కవి, డబ్లిన్ సాహిత్య పునరుజ్జీవన బృందంలో ఒకడు, రాసిందంతా ఇంగ్లిష్. ఈయన ఐరిష్ కవి కాడని అనగలమా? ఇంగ్లిష్‌లో రాసి ప్రపంచం మెప్పు పొందిన ఐరిష్ రచయితల వరస తల్చుకుంటే, భాష లేకపోతే జాతి లేదనే వాదం అక్కడే కుంటుపడుతుంది. మన దగ్గర దీనికి తలకిందులుగా జరిగింది. 1953లో భాష పేరు మీద రాష్ట్రం తెచ్చుకున్నాం, 2014లో భాష ఒకటే అయినా రెండుగా విడిపోయాం. భాషా అస్తిత్వమూ ఎప్పుడూ ఒకే బండికి కట్టిన ఎడ్లు కావు.

1922లో రాజ్యం చేతికి వచ్చింది. కొత్త ప్రభుత్వం భాషను బతికించే పని ఎవరికి అప్పజెప్పింది? బడిపిల్లలకు. ఇంట్లో ఇంగ్లిష్ తప్ప ఏమీ వినని చిన్నారులకు మొదటి తరగతుల పాఠాలన్నీ ఐరిష్‌లో చెప్పమన్నారు. ఇది పిల్లల చదువును వెనక్కి లాగుతోందని 1941లో టీచర్ల సంఘమే నివేదిక ఇచ్చింది. 1937 రాజ్యాంగం ఎనిమిదో అధికరణం ఐరిష్‌ను జాతీయ భాషగా, మొదటి అధికార భాషగా ప్రకటించింది, ఇంగ్లిష్‌ది రెండో స్థానం. మరుసటి ఏడాది హైడ్ గారే తొలి రాష్ట్రపతి అయ్యారు. ఐరిష్ తప్పితే ఇంటర్‌కు సమానమైన లీవింగ్ సర్ట్ పరీక్ష మొత్తం తప్పినట్టే. సర్కారు ఉద్యోగానికీ ఐరిష్ కావాలి. మంత్రులు సభలో రెండు వాక్యాలు ఐరిష్‌లో మొదలుపెట్టి మిగతా గంట ఇంగ్లిష్‌లో మాట్లాడేవారు. ఈ బలవంతం తీసేయాలన్నవాళ్లు 1966లో డబ్లిన్ మాన్షన్ హౌస్‌లో సభ పెడితే భాషాభిమానులు వచ్చి గలాటా చేశారు. సరిగ్గా తిరుగుబాటుకు యాభై ఏళ్లు నిండిన ఏడాది. చివరికి 1973లో పరీక్ష నిబంధన, 1974లో ఉద్యోగాల నిబంధన పోయాయి. అయితే బడిలో ఐరిష్ చదవడం తప్పనిసరిగానే ఉండిపోయింది. 2011లో ఎండా కెనీ పార్టీ పై తరగతుల్లో దీన్ని ఐచ్ఛికం చేస్తామంది. ఆయన స్వయంగా టీచరు, ఐరిష్ బాగా వచ్చినవాడు. విద్యార్థులే రోడ్డెక్కారు. ఆయన ప్రధాని అయ్యాక ఆ మాట మెల్లగా పక్కకు పోయింది.

మీ ఆఫీసులో ఆ ఇద్దరి వాదన ఇక్కడి నుంచి వచ్చిందే. "దండగ" అనే ఆయనకు కోపం ఆ క్లాసు మీద. "తేడా ఏముంటుంది" అనే ఆవిడకు భయం ఆ క్లాసు పోతుందేమోనని. ఇద్దరికీ భాష అంటే తరగతి గదే. నా ఫిర్యాదు కూడా అక్కడే. వందేళ్లుగా ఈ దేశం తగువులాడుకున్నది బడి గురించి, బోర్డుల గురించి, పరీక్షల గురించి. ఆ భాషలో అమ్మ పిల్లాడిని అన్నానికి పిలిచే ఊళ్లు మాత్రం ఈలోగా ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి.

ఆ ఊళ్లను గేల్‌టాక్ట్ అంటారు. డోనెగల్, మేయో, గాల్వే, కెర్రీ, కార్క్, వాటర్‌ఫర్డ్, మీత్ కౌంటీల్లో ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. 2022లో వాటి మొత్తం జనాభా లక్షా ఆరువేలు. అందులో బడి బయట రోజూ ఐరిష్ మాట్లాడేది ఇరవై వేల మంది. మా గాల్వే ఊరు దాటి పడమరగా కారులో వెళ్తే కానమేరా వస్తుంది. స్పిడల్ దాటాక షాపులో, చర్చి దగ్గర, ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో మీ చెవిన పడేది ఐరిష్. పడుచు జంటల ఇళ్ల దగ్గరికి వెళ్తే ఇంగ్లిష్ వినపడటం ఎక్కువవుతోంది. 2007లో ప్రభుత్వమే చేయించిన భాషా అధ్యయనం, ఇలాగే సాగితే ఈ ఊళ్లలో ఐరిష్ జనం భాషగా పదిహేను ఇరవై ఏళ్లకు మించి నిలవదంది. 2015లో మళ్లీ చూసి ఆ గడువును పదేళ్లకు కుదించారు. గడువు దాటినా ఇంకా మాట్లాడుతున్నారు, సంతోషం. అధ్యయనం చూపించిన దిశ మాత్రం తప్పు కాదు.

కారణం అభిమానం లేక అంటే నేను ఒప్పుకోను. ఆ ఊళ్లలో ఇల్లు దొరకదు. సముద్రం కనిపించే ప్రతి ఇల్లూ డబ్లిన్ వాళ్ల సెలవుల ఇల్లు అయిపోయింది, లేదా వారానికింతని టూరిస్టులకు అద్దెకు పోతోంది. కొత్త ఇల్లు కట్టుకుందామంటే ప్లానింగ్ పర్మిషన్ రాదు. అక్కడ పుట్టి, ఆ భాషలో పెరిగిన కుర్రజంట గాల్వే శివారులో ఫ్లాటు తీసుకుంటుంది, వాళ్ల పిల్లలు ఇంగ్లిష్ బడికి పోతారు. ఈ మధ్య గేల్‌టాక్ట్ యువత ధర్నాలు చేస్తున్నది పాఠ్యపుస్తకాల కోసం కాదు, ఇళ్ల కోసం. 1969లో వాళ్ల ముందు తరం కూడా ఇలాగే పౌరహక్కుల ఉద్యమం నడిపింది. 1970లో సొంతంగా దొంగ రేడియో పెట్టి ప్రసారాలు చేశారు. ప్రభుత్వం సిగ్గుపడి 1972లో అధికారిక ఐరిష్ రేడియో ఇచ్చింది. టీవీ చానెల్ రావడానికి మళ్లీ 1996 దాకా ఆగాల్సి వచ్చింది. నిజంగా పనికొచ్చినవి చాలావరకు ఇలా కింది నుంచి గుంజుకుంటేనే వచ్చాయి. మీత్ కౌంటీలో రాత్ కార్న్ అనే ఊరుంది. 1935లో కానమేరా రాతినేల మీద బతకలేని 27 కుటుంబాలకు అక్కడ భూమి ఇచ్చి తెచ్చి పెట్టారు. చుట్టూ ఇంగ్లిష్ పల్లెల మధ్య వాళ్లు ఐరిష్ నిలుపుకున్నారు. ఆ ఊరిని గేల్‌టాక్ట్‌గా గుర్తించమంటే 1967 దాకా సాగదీసింది, రోజూ భాష పేరు జపించే ప్రభుత్వమే.

అలాగని గేల్‌టాక్ట్ జనం అంతా కాషాయం కట్టిన భాషా సన్యాసులనుకోకండి. కెర్రీలో డింగిల్ అనే టూరిస్టు ఊరుంది, గేల్‌టాక్ట్ లోపలే. 2005లో ఒక మంత్రి గారు బోర్డుల మీద, మ్యాపుల మీద ఐరిష్ పేరు ఒక్కటే ఉండాలని అమల్లో పెట్టారు. ఊరివాళ్లు మండిపడ్డారు. డింగిల్ పేరు చూసి వచ్చే అమెరికా టూరిస్టు దారి తప్పితే హోటల్ ఎవరు నడుపుతారు? కొందరు బోర్డుల మీద రాత్రికి రాత్రి రంగుతో పాత పేరు రాశారు. 2006లో ఓటింగ్ పెడితే 90 శాతానికి పైగా రెండు పేర్లూ కావాలన్నారు. చివరికి చట్టం మార్చాల్సి వచ్చింది. భాషను ఇంట్లో మాట్లాడేవాళ్లకు దాన్ని జెండాలా మోయాల్సిన అవసరం కనపడదు. మోసేది ఎక్కువగా ఇంట్లో మాట్లాడనివాళ్లే.

ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్‌ఫాస్ట్ సంగతి మాత్రం నా వాదనను కాస్త ఇబ్బంది పెడుతుంది. అక్కడ గుర్తింపు కోసం జరిగిన పోరాటమే భాషకు జనాన్ని తెచ్చింది. 1969లో షాస్ రోడ్‌లో కొన్ని కుటుంబాలు సొంతంగా ఇళ్లు కట్టుకుని పిల్లల్ని ఐరిష్‌లో పెంచడం మొదలుపెట్టాయి, 1971లో బడి పెట్టుకున్నాయి. అప్పటికి సర్కారు గుర్తింపు లేదు, డబ్బు లేదు. మేజ్ జైల్లో రిపబ్లికన్ ఖైదీలు (బ్రిటన్‌ను వదిలించుకుని ఐర్లండ్ మొత్తం ఒకటి కావాలని పోరాడినవాళ్లు) ఒక గదిలోంచి ఇంకో గదికి అరుచుకుంటూ, గోడల మీద గీసుకుంటూ ఐరిష్ నేర్చుకున్నారు. ఈరోజు ఆ నగరంలో కుర్రాళ్లు ఐరిష్‌లో ర్యాప్ చేస్తున్నారు. దక్షిణాన సర్కారు ఉద్యోగం, మార్కులు, గ్రాంట్లు ఇచ్చినా కదలని భాష, ఏమీ ఇవ్వని చోట చిగురు వేసింది. దానికి మూల్యం కూడా ఉంది. బ్రిటన్‌తో ఉండాలనుకునే యూనియనిస్టులకు ఐరిష్ వినపడితే ఆ జైలు గుర్తొస్తుంది. ఉత్తర ఐర్లండ్ పాలన గురించి కుదిరిన 2006 సెయింట్ ఆండ్రూస్ ఒప్పందంలో ఐరిష్ భాషా చట్టం మాట ఇచ్చారు, పదహారేళ్లు నానబెట్టారు. 2016 డిసెంబరులో పేద పిల్లలు గేల్‌టాక్ట్‌కి వెళ్లి భాష నేర్చుకోవడానికి ఇచ్చే 50 వేల పౌండ్ల స్కాలర్‌షిప్‌ను ఒక మంత్రి ఆపేశారు. 2017లో యూనియనిస్టు నాయకురాలు ఆర్లీన్ ఫోస్టర్ ఈ డిమాండ్ల గురించి మాట్లాడుతూ, మొసలికి మేత వేస్తే మళ్లీ మళ్లీ వస్తుందన్నారు. మొసలి వేషాలు వేసుకుని మరీ జనం ఊరేగింపులకు వచ్చారు. అప్పటికే వేరే కుంభకోణం మీద కూలిన ఉత్తర ఐర్లండ్ ప్రభుత్వం మూడేళ్లు తిరిగి నిలబడకపోవడానికి ఈ భాషా చట్టం ఒక ముఖ్య కారణమైంది. 2022 డిసెంబరులో లండన్ పార్లమెంటు చట్టం చేసింది. కోర్టుల్లో ఇంగ్లిష్ తప్ప ఇంకో భాష వాడకూడదన్న 1737 నాటి చట్టం రద్దయ్యే దారి అందులోనే పడింది. బెల్‌ఫాస్ట్‌లో ఒక వీధికి రెండు భాషల బోర్డు పెట్టాలంటే ఇంతకుముందు మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి, ఇప్పుడు 15 శాతం చాలు. ప్రతి వీధీ ఒక చిన్న ఎన్నికే. ఈ రభసలోనే లిండా ఎర్విన్ అనే ఆవిడ తూర్పు బెల్‌ఫాస్ట్‌లో, పక్కా ప్రొటెస్టెంట్ పేటలో ఐరిష్ క్లాసులు నడుపుతున్నారు. హైడ్ 1915లో వదిలేసిన పనిని అందుకున్నది ఆవిడేనని నాకనిపిస్తుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. భాష రాకపోతే ఐరిష్ వాళ్లు కాదా? కాకేం, ఐరిష్ వాళ్లే. మీ ఆఫీసు ఆవిడ భయపడక్కర్లేదు. ఐర్లండ్ జాతి ఐరిష్ లేకుండానే స్వతంత్రం తెచ్చుకుంది, సాహిత్యం రాసుకుంది, ఆటలు ఆడుకుంటోంది. జాతికి ఈ భాషతో ఉన్న అవసరం కన్నా, ఈ భాషకు మాట్లాడే మనుషులతో ఉన్న అవసరం పెద్దది. మీ ఆఫీసు పెద్దమనిషి "దండగ" అనడమూ సగమే నిజం. మొత్తం ఐరిష్‌లోనే చదువు చెప్పే గేల్‌స్కొల్ బడులు ఇప్పుడు డబ్లిన్ మధ్యలో కూడా ఉన్నాయి. గేల్‌టాక్ట్ బడులతో కలిపి ప్రైమరీ పిల్లల్లో దాదాపు 8 శాతం ఆ మీడియంలో చదువుతున్నారు. అక్కడి పిల్లలకు భాష వస్తుంది. రానిది రోజుకు అరగంట గ్రామర్ రుబ్బే చోట. 2021 చట్టం ప్రకారం 2030 చివరికి కొత్తగా చేరే ప్రభుత్వ సిబ్బందిలో 20 శాతం మందికి ఐరిష్ రావాలి. యూరోపియన్ యూనియన్‌లో 2022 నుంచి దానికి పూర్తి హోదా వచ్చాక అనువాదకులకు మంచి ఉద్యోగాలూ ఉన్నాయి.

మనలాంటి వాళ్లకు ఇందులో చోటుందా అని మీరు అడగలేదు కానీ, ఆ సందేహం ఉంటుందని నాకు తెలుసు. ఉంది. బొంబాయి డాక్టరు గారి అబ్బాయి లియో వరాద్కర్ 2017లో ప్రధాని అయ్యాక ఐరిష్‌లో మాట్లాడేవాడు, తప్పులు దొర్లినా. మా సాయంత్రం క్లాసులో పోలండ్, బ్రెజిల్ వాళ్లు, కేరళ నర్సులు ఉండేవారు. ఇక్కడ పుట్టినవాళ్లకు ఆ భాషంటే సిగ్గు, అపరాధ భావం, పాత టీచరు మీద కసి, అన్నీ కలిసి ఉంటాయి. మనకు ఆ బరువు లేదు. ఒక్క వాక్యం చెప్పినా మెచ్చుకుంటారు. అదే వాక్యం ఇక్కడి కుర్రాడు తడబడుతూ చెప్తే "ఇంతేనా వచ్చింది" అంటారు.

ఇక మినహాయింపు. పన్నెండేళ్ల వయసు దాకా విదేశంలో చదివి వచ్చిన పిల్లలకు, చదవడం రాయడంలో తీవ్రమైన ఇబ్బంది ఉన్న పిల్లలకు ఇస్తారు. నిర్ణయం స్కూలు ప్రిన్సిపాల్‌ది. నాలుగో క్లాసు పిల్లకు "మా ఇంట్లో ఎవరికీ రాదు" అంటే కుదరదు, ఇక్కడ ఎవరింట్లోనూ రాదు కదా. యూనివర్సిటీ గురించి కూడా ఇప్పుడే కంగారు పడకండి. డబ్లిన్ యూసీడీ, కార్క్, గాల్వే, మేనూత్ యూనివర్సిటీలు చేరడానికి లీవింగ్ సర్ట్‌లో ఐరిష్ పాస్ అడుగుతాయి. పాప ఇండియాలో పుట్టి ఉంటే ఆ నిబంధన నుంచి విడిగా మినహాయింపు అడగొచ్చు. ట్రినిటీ ఐరిష్ అడగదు. రూల్స్ మారుతుంటాయి, ఆ సమయానికి ఒకసారి చూసుకోండి.

హోంవర్క్‌కి నేను చేసిన పని చెప్తాను. ఐరిష్ చానెల్ టీజీ ఫోర్‌లో పిల్లల కార్టూన్లు వస్తాయి, నెట్‌లో కూడా ఉచితం. మీరూ పక్కన కూర్చోండి. స్పెల్లింగ్ చూస్తే భయమేస్తుంది గానీ, దానికి నియమాలున్నాయి, ఇంగ్లిష్ కంటే నికరంగా ఉంటాయి. పాప విన్న మాటను తెలుగు అక్షరాల్లో పక్కన రాసుకోమనండి, మా వాడికి అది బాగా పనిచేసింది. టీచరుకు చెప్తే అభ్యంతరం పెట్టరు, మా టీచరైతే ఆ నోటుబుక్కు తీసుకెళ్లి స్టాఫ్ రూములో అందరికీ చూపించింది.